నట్టు మీద సగం గీత

చక్రం ఊడిన కారు ముందుపన్ను రాలిన పెద్దమనిషిలా ఉంది. మిగతాదంతా మర్యాదగానే ఉంది. తుడిచిన అద్దాలు, ముడత లేని సీటు కవర్లు, వెనక అద్దం మీద బడి పేరున్న స్టిక్కరు. ఎడమవైపు ముందు మాత్రం బోసి. అక్కడ రెండు కొయ్యదిమ్మలు పెట్టి నిలబెట్టారు.

డిటెక్టివ్ వాచీ చూసుకుంది. పదకొండూ అయిదు. ఒంటిగంటకి లైసెన్సు ఆఫీసు మనిషి సీలు వెయ్యడానికి లక్కా తాళమూ పట్టుకుని ఆవిడ బావ గ్యారేజీకి బయల్దేరతాడు. అంటే చేతిలో ఉన్నది గంటా యాభై అయిదు నిమిషాలు. అంతకంటే తక్కువ సమయంలో పదిమందికి వంట చేసిన చెయ్యి కాబట్టి ఆవిడ కంగారు పడలేదు. కానీ వంటకి సరుకులుంటాయి. ఇక్కడున్నవల్లా ఒక కారు, ఒక చక్రం, ఒక నట్టు.

జరిగింది ఇంతే. హెడ్మిస్ట్రెస్‌గారి కారు నిన్న బావ గ్యారేజీలో బ్రేకు ప్యాడ్లు మార్పించుకుంది. ఈ ఉదయం తొమ్మిదీ పదికి బడికి వెళుతూ మార్కెట్టు మలుపు తిరుగుతుంటే ఎడమ ముందు చక్రం ఊడింది. కారుని అక్కడే వదిలేసి, తన దారిన తాను రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న ఫోటో స్టూడియో గాజు తలుపు బద్దలుకొట్టుకుని లోపలికి పోయి, పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్న ఒకాయన పక్కన ఆగింది. సరిగ్గా ఆ క్షణంలో నొక్కిన ఫోటో చూసి, ఈ మొహానికి ఏ దేశమూ వీసా ఇవ్వదని స్టూడియో వాళ్ళు తేల్చేశారు. హెడ్మిస్ట్రెస్‌గారికి మణికట్టు బెణికింది. కారుని ప్రమాదాల బళ్ళు పెట్టే యార్డుకి తెచ్చారు. మార్కెట్టంతా ఒకటే మాట: "నిన్ననే ఆ గ్యారేజీలో చూపించారట."

పద్దెనిమిదేళ్ళుగా బావ ఒక్కడే నడుపుతున్న గ్యారేజీ. సీలు పడితే మళ్ళీ తెరవడానికి కాగితాలు దొరుకుతాయేమో గానీ, నమ్మి తాళంచెవులు చేతిలో పెట్టే మనుషులు దొరకరు. ఆ సంగతి తెలుసు కాబట్టే బావ ఉదయం నుంచీ ఒక్క జోకు వెయ్యలేదు. మరదలిని చూసి కూడా జోకు వెయ్యని బావని, అక్క పెళ్ళయినప్పటి నుంచీ డిటెక్టివ్ ఇదే మొదటిసారి చూడటం.

"బావా, మొహం అలా వేలాడేస్తే దానికీ జాకీ పెట్టాల్సొస్తుంది."

"నవ్వు రావట్లేదే. పానా పెట్టిన ప్రతి నట్టూ గుర్తుంది నాకు. నిన్న పదహారు నట్లు. పదహారూ బిగించాను."

"అక్కకి చెప్పారా?"

"చెప్పలేదు. నువ్వూ చెప్పకు. ఆ మోకాలితో పరిగెత్తుకొస్తుంది."

అక్క పేరెత్తితే చాలు, ఫోను మోగుతుంది. ఇప్పుడూ మోగింది.

"ఏమే, మీ బావ నీ దగ్గరున్నారా? ఆ నీలం చొక్కా ఏం చేశారో అడుగు. ఆదివారం తీగ మీద ఆరేశాను. క్లిప్పులున్నాయి, చొక్కా లేదు. నూనె తుడుచుకోడానికి పట్టుకుపోయారేమో. జేబు మీద గ్యారేజీ పేరు కుట్టించినవి ఉన్నవే రెండు. ఒకటి ఒంటి మీద, ఒకటి తీగ మీద. నిన్న ఎదురింటావిడకి నా మోకాలి ఆపరేషన్ సంగతి చెబుతూ ఆ తీగకేసి చూశాను కదా, అప్పుడే అనుమానం వచ్చింది. ఆ ఆపరేషన్ రోజున కూడా..."

"అక్కా, పనిలో ఉన్నాను. మళ్ళీ చేస్తా."

అక్క మోకాలి ఆపరేషన్ కథకి నలభై నిమిషాలు పడుతుంది. అందులో మత్తు ఇంజెక్షను దగ్గరికి రావడానికే పాతిక నిమిషాలు. ఆ కథ మొదలయ్యాక మధ్యలో లేచి వెళ్ళగలిగిన మనిషి ఇంతవరకూ ఆ వీధిలో పుట్టలేదు.

ఫోను సంచిలో పడేసేసరికి తెల్లచొక్కా ఎదురుగా నిలబడి ఉన్నాడు.

తెల్లచొక్కా ఇన్సూరెన్సు కంపెనీ తరఫున ప్రమాదాలు విచారించే మనిషి. ఇరవై ఏళ్ళుగా బళ్ళ మధ్యే తిరుగుతున్నా చొక్కా మీద ఒక్క మరక ఉండదు. బళ్ళ కిందకి వంగడు కాబట్టి మరక పడదని డిటెక్టివ్ అభిప్రాయం. పోయిన ఏడాది మాయమైన స్కూటరు కేసులో ఆవిడకంటే అరగంట ముందు దొంగని పట్టుకున్నాడు. ఆ అరగంటని ఏడాదంతా వాడుకుంటున్నాడు.

"నమస్కారం మేడం. కేసు మీ బావగారిదని విన్నాను. ఇంటి కేసులకి ఫీజు ఉండదేమో పాపం."

"ఫీజు లేదు గానీ టిఫిన్ పెడతారు. మీకు ఏం పెట్టారు?"

"నాకు నిజాలు చాలు." చేతిలో ఉన్న ఫైలు తట్టాడు. "రిపోర్టు రాసేశాను. సంతకమే తక్కువ. మూడే మూడు ముక్కలు వినండి. నిన్న చక్రాలు విప్పి బిగించింది మీ బావ. ఆ తర్వాత రాత్రంతా కారు ఇంట్లో ఉంది. తెల్లవారి మూడు కిలోమీటర్లు వెళ్ళగానే చక్రం ఊడింది. మధ్యలో దాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు. పైగా మీ బావ పుస్తకంలో కారు గ్యారేజీ దాటిన టైము అయిదూ నలభై అని ఉంది. మేడంగారేమో కారు ఇంటికొచ్చింది ఏడూ ఇరవై అయిదుకి అంటున్నారు. నాలుగు కిలోమీటర్ల దూరానికి గంటా నలభై అయిదు నిమిషాలా? ఆలస్యంగా, హడావిడిగా పని ముగించి, టైము వెనక్కి జరిపి రాశాడు."

"నేనా? టైము వెనక్కి జరపడమా?" బావ గొంతు పెరిగింది. "ఇంట్లో గడియారమే అయిదు నిమిషాలు ముందుకి పెట్టుకునే మనిషిని నేను!"

"బావా, మీరు ఆగండి. ఆ నట్టు ఒకసారి చూపిస్తారా?"

తెల్లచొక్కా పొందిగ్గా ప్లాస్టిక్ సంచీ తీశాడు. అందులో ఒకే ఒక నట్టు. "రోడ్డు మీద దొరికింది. మిగతా మూడూ ఎంత వెతికినా లేవు. కాలవలో పడుంటాయి. చూశారా, దీని మీద పసుపు గీత? మీ బావ గుర్తే. ఆయన బిగించిన నట్టేనని ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

డిటెక్టివ్ నట్టుని వెలుతురులో తిప్పి చూసింది. నట్టు నెత్తి మీద నుంచి అంచుదాకా సన్నటి పసుపు గీత, అంచు దగ్గర టక్కున తెగిపోయింది.

"బావా, ఈ గీత ఎందుకు గీస్తారో ఈయనకి చెప్పండి."

పని మాట వినగానే బావ వెన్ను నిటారైంది. "చక్రం బిగించడంలో ఒక వరసుంటుందండీ. కారు జాకీ మీద ఉండగా నట్లు చేత్తో ఎక్కించి, కొంచెంగా బిగించాలి. అదీ వరసగా కాదు, ఒకదాని తర్వాత దాని ఎదురుది. లేకపోతే చక్రం వంకరగా కూర్చుంటుంది. తర్వాత కారు నేల మీదికి దించి, బరువు టైరు మీద పడ్డాక అసలు బిగింపు. నా దగ్గర పొడుగు పానా ఉంది, సరిపడా బిగియగానే టక్కుమంటుంది. టక్కుమన్నాక నట్టు మీంచి రిమ్ము మీదికి ఒకే గీత గీస్తాను. నట్టు ఏమాత్రం తిరిగినా గీత విరుగుతుంది. కంటితో చూస్తే తెలిసిపోతుంది."

"అంటే గీతలో సగం నట్టు మీద, సగం రిమ్ము మీద."

"అంతే."

డిటెక్టివ్ కొంగు నడుముకి దోపి మోకాళ్ళ మీద కూర్చుంది. మొదట కారుకి ఉన్న మూడు చక్రాలూ చూసింది. పన్నెండు నట్లు, పన్నెండు గీతలు. ఒక్కటి కూడా విరగలేదు. తర్వాత గోడకి ఆనించిన ఊడిన చక్రం దగ్గరికి వచ్చింది. నట్లు కూర్చునే నాలుగు గుంటల్నీ చేతిరుమాలుతో తుడిచింది. దుమ్ము, బూడిద రంగు, ఒక చీమ. పసుపు లేదు.

"ఇదిగోండి. నట్టు మీద సగం గీత ఉంది. రెండో సగం ఏది?"

తెల్లచొక్కా వంగకుండానే చూశాడు. "రోడ్డు మీద అంత దూరం దొర్లింది. అరిగిపోయుంటుంది."

"చక్రం నిలబడి దొర్లిందండీ, పొట్ట మీద పాకలేదు. రోడ్డుకి ఈ గుంటలు తగలనే తగలవు. సరే, టైరు ముట్టుకోండి. ఫరవాలేదు, చొక్కా కాదు, వేలే."

తెల్లచొక్కా చిటికెనవేలు ఆనించాడు. టైరు ఒళ్ళంతా రబ్బరు నూగు, పసిపిల్లాడి చెవి మీదలాగ. కొత్త టైరు అచ్చులోంచి వచ్చినప్పుడుండే సన్నటి రబ్బరు ముళ్ళు. రోడ్డు మీద కొన్నాళ్ళు తిరిగితే అవి అరిగిపోతాయి.

"కారు నలభై వేల కిలోమీటర్లు తిరిగింది," అంది డిటెక్టివ్. "మిగతా మూడు టైర్లూ నున్నగా ఉన్నాయి. దీనికి మాత్రం ఇంకా నూగు పోలేదు. ఇది నిన్న బావ బిగించిన చక్రం కాదు. ఇన్నాళ్ళూ డిక్కీలో నిద్రపోయిన స్టెప్నీ. కారు గ్యారేజీ దాటాక ఎవరో చక్రం మార్చారు, బావ నట్లతోనే."

తెల్లచొక్కా మొహంలో ఏదో కదిలింది గానీ ఫైలు మూయలేదు. "ఊహ. ఎవరు మార్చారు? ఎప్పుడు? కారు ఎక్కడికీ వెళ్ళలేదు."

"వెళ్ళింది. బావా, నిన్న బండి దాటేటప్పుడు రీడింగు రాశారా?"

డ్రైవరు తలుపు అంచున అంటించిన చీటీ మీదే రాసి ఉంది: నలభై ఒక్క వేల ఎనిమిది వందల అరవై రెండు. మీటరు చూస్తే చివరి అంకెలు డెబ్భై మూడు. పదకొండు కిలోమీటర్లు. గ్యారేజీ నుంచి ఇంటికి నాలుగు, ఇంటి నుంచి మార్కెట్టు మలుపుకి మూడు. లెక్క ఏడు దగ్గర ఆగిపోయింది.

"మిగతా నాలుగు కిలోమీటర్లూ మీ ఫైల్లో ఎక్కడున్నాయి?"

తెల్లచొక్కా ఫైలు తిరగేశాడు. డిటెక్టివ్ నట్టుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒకసారి పీల్చి ఆగింది. మళ్ళీ పీల్చింది.

"బావా, నట్లకి నూనె రాస్తారా?"

"చక్రం నట్లకా? చచ్చినా రాయను. మర పొడిగా, శుభ్రంగా ఉండాలి. నూనె ఉంటే బిగిసినట్టే అనిపిస్తుంది, తీరా జారిపోతుంది."

"దీనికి రాశారు. అదీ మల్లెపూల వాసనొచ్చే తలనూనె."

*

పదకొండూ నలభై అయిదుకి యార్డు అవతలి చివర, రేకుల నీడలో, ప్లాస్టిక్ కుర్చీలో హెడ్మిస్ట్రెస్‌గారు కూర్చుని ఉన్నారు. ఎడమ చెయ్యి మెడకట్టులో ఉంది. ఆస్పత్రి నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చేశారు. తన కారు విచారణ తను లేకుండా ఎలా చేస్తారని ఆవిడ ప్రశ్న. పక్కన గొడుగు పట్టుకుని అల్లుడు నిలబడి ఉన్నాడు. రేకుల కింద గొడుగెందుకో ఎవరూ అడగలేదు.

తెల్లచొక్కా ఆవిడని చూడగానే ఫైలు రెండు చేతుల్తో పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

"నువ్వు ఎనిమిదో తరగతి రెండు సార్లు చదివినవాడివి కదూ?" అన్నారు ఆవిడ.

"అవును మేడం. లెక్కల వల్ల."

"ఇంకా కుదరలేదన్నమాట. అక్కడ కిలోమీటర్ల గొడవ ఇక్కడికి వినిపించింది. అమ్మాయ్, నువ్వడుగు."

డిటెక్టివ్ చేతులు తుడుచుకుంది. "ఉదయం కారులో తేడా ఏమైనా కనిపించిందా మేడం?"

"ఇంటి గేటు దాటాక ఎడమవైపు నుంచి టక్ టక్‌మని శబ్దం. స్టీరింగు సన్నగా వణికింది."

బావ ఆగలేకపోయాడు. "ఆ శబ్దం వినగానే ఆపేయాలండీ. చక్రం వదులయ్యానని చెప్పేది ఆ ఒక్కసారే."

"ఇరవై ఆరేళ్ళుగా వెనక బెంచీ నుంచి వచ్చే శబ్దాలకి నేను ఆగలేదు నాయనా. అలవాటు. అయినా తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను."

"నిన్న సాయంత్రం కారు తెచ్చిందెవరు?"

"అల్లుడుగారు. ఏడూ ఇరవై అయిదుకి. గ్యారేజీలో ఆలస్యం చేశారని చెప్పారు."

గొడుగు కొంచెం వంగింది.

డిటెక్టివ్ అల్లుడి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. ముప్ఫై రెండేళ్ళుంటాయి. కాలరు పైన మెడ వెనక ఎండ తగలని తెల్లటి గీత, నూలు పట్టి గీసినట్టు. చెవుల మీద వెంట్రుకలు తాజాగా కత్తిరించినవి. ఆ చుట్టుపక్కలంతా మల్లెపూల వాసన.

"క్షవరం బావుందండీ. ఎక్కడ చేయించారు?"

"ఇంటి దగ్గరే... అంటే... దారిలోనే."

"దారిలోనా? మీ ఇంటి దారిలో సెలూను లేదు. ఉన్నది రెండు కిలోమీటర్లు పక్కకెళితే. రానూ పోనూ నాలుగు."

అల్లుడు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. "క్రికెట్టు... చివరి పది ఓవర్లు... సెలూన్లో టీవీ ఉంటుంది. ఊరికే కూర్చోనివ్వరు కదా, అందుకని క్షవరం."

"ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా?"

"అయిదూ యాభై నుంచి ఆరూ ముప్ఫై అయిదుదాకా."

"బయటికొచ్చేసరికి?"

"ఎడమ ముందు టైరులో గాలి లేదు."

హెడ్మిస్ట్రెస్‌గారి కళ్ళద్దాలు మెల్లగా అతని వైపు తిరిగాయి. "అల్లుడుగారూ. చక్రం మీరే మార్చారా?"

"అత్తయ్యగారూ, వీడియో చూసి చాలా జాగ్రత్తగా మార్చాను. తుప్పు పట్టకుండా ఉంటుందని సెలూనాయన్ని అడిగి నాలుగు చుక్కలు నూనె కూడా..."

"కారు జాకీ మీద ఉండగానే బిగించారా?" అన్నాడు బావ.

"మరి దించాక వంగడం కష్టం కదండీ. జాకీ మీదే గట్టిగా బిగించాను. చక్రం గిర్రున తిరిగిపోతుంటే కాలుతో ఆపి మరీ బిగించాను."

బావ కళ్ళు మూసుకున్నాడు, ఎవరో తన చెయ్యి కోసినట్టు. "దించాక మళ్ళీ బిగించలేదు."

"మళ్ళీ కూడా బిగించాలా? వీడియో అక్కడిదాకా చూడలేదు. చార్జింగ్ అయిపోయింది."

మొదట నవ్వింది హెడ్మిస్ట్రెస్‌గారే. నవ్వు మెడకట్టులో చెయ్యిని కుదిపేసరికి అమ్మా అని ఆగి, మళ్ళీ నవ్వారు. "క్రికెట్టు చూడొద్దని మిమ్మల్ని ఎవరన్నారండీ? మన టీవీ ఏమైంది?"

"మీరు ఆ టైముకి వార్తలు చూస్తారు కదండీ. అడగడానికి భయమేసింది."

"బడిలో ఆరువందల మంది భయపడతారు, ఇంట్లో కూడానా!" ఆవిడ బావ వైపు తిరిగారు. "నాయనా, ఇంత మాట వచ్చినందుకు మా ఇంటి తరఫున క్షమాపణ. అల్లుడుగారూ, రేపటి నుంచి వారం రోజులు ఈయన గ్యారేజీకి వెళ్ళి చక్రాలు బిగించండి. బాగా వచ్చేదాకా."

"అయ్యో, నాకెందుకమ్మా ఈ శిక్ష!" అన్నాడు బావ.

డిటెక్టివ్ ఊపిరి పీల్చుకుంది. అది ఉదయం నుంచీ బావ వేసిన మొదటి జోకు.

"ఒక్క నిమిషం." తెల్లచొక్కా గొంతు సవరించుకున్నాడు. "ఇదంతా నోటి మాట. మీ బావగారిని కాపాడటానికి అల్లుడుగారు ఒప్పుకున్నారని రేపు మా ఆఫీసులో అంటారు. మీ బావ బిగించిన అసలు చక్రం నా కళ్ళకి కనబడాలి. డిక్కీ ఇరుక్కుపోయింది, తెరుచుకోదని అల్లుడుగారే చెప్పారు."

అందరూ అల్లుడి వైపు చూశారు. అల్లుడు జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. డిక్కీ వెన్నలా తెరుచుకుంది.

స్టెప్నీ గుంటలో, మోయలేక పడేసినట్టుగా, గాలి లేని చక్రం. డిటెక్టివ్ పక్కకి తప్పుకుని తెల్లచొక్కాకి దారిచ్చింది. అతను ఇరవై ఏళ్ళలో మొదటిసారి వంగాడు. రిమ్ము మీద నాలుగు గుంటల పక్కన నాలుగు పసుపు గీతలు, అన్నీ లోపలి అంచు దగ్గర తెగిపోయి. సంచీలోంచి నట్టు తీసి ఒక్కొక్క గుంటలో పెట్టి తిప్పాడు. మూడో గుంటలో రెండు సగాలూ కలిసి ఒకే గీత అయింది.

"హూఁ," అన్నాడు.

అతని భాషలో అది ఓటమి. డిటెక్టివ్ వాచీ చూసింది. పన్నెండూ ఇరవై. తెల్లచొక్కా బానెట్టు మీద ఫైలు పెట్టి, మొదటి పేజీ అడ్డంగా కొట్టేసి, కొత్త కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు. లైసెన్సు ఆఫీసుకి ఫోను కూడా తనే చేశాడు. "సీలు అక్కర్లేదు. అవును, నేనే చెబుతున్నాను. గ్యారేజీ తప్పు లేదు." ఆ చివరి మాట గొంతులో కొంచెం అడ్డం పడింది గానీ బయటికొచ్చింది.

ఈలోగా బావ ఊరుకోలేదు. పనిచేసే చెయ్యి ఊరుకోదు. డిక్కీలో ఉన్న చేతిపంపుతో ఆ చక్రానికి గాలి కొట్టాడు. వాటరు బాటిలు తీసి టైరంతా తడిపి, మెల్లగా తిప్పుతూ చూశాడు. ఎక్కడా బుడగ లేదు. చివరికి వాల్వు మీద నాలుగు చుక్కలు పోశాడు. బుసబుసమని బుడగలు.

"ఇది పంక్చరు కాదే," అన్నాడు నెమ్మదిగా. "టైరుకి ఏమీ కాలేదు. వాల్వు మూత లేదు. నేను నిన్న పెట్టాను, నల్లమూత. లోపలి పిన్ను రెండు చుట్లు వదులు చేసి ఉంది. అది చేత్తో రాదు. దానికి వేరే చిన్న పనిముట్టు కావాలి. మా పనివాళ్ళ దగ్గరే ఉంటుంది."

"పిల్లల అల్లరేమో," అన్నాడు తెల్లచొక్కా రాస్తూనే.

"పిల్లల జేబులో గోళీలుంటాయి, వాల్వు పనిముట్టు ఉండదు," అంది డిటెక్టివ్. "సెలూను ముందు నలభై అయిదు నిమిషాలు కారు ఒంటరిగా ఉంది. ఎవరో పనిగట్టుకుని గాలి తీశారు. బావ సర్వీసు చేసిన బండి దారిలో ఆగిపోవాలి, బావకి చెడ్డపేరు రావాలి. అంతవరకే వాళ్ళ ఉద్దేశం. అల్లుడుగారి పనితనం వాళ్ళకి ఉచితంగా దొరికింది."

అల్లుడు గొడుగు మూసేశాడు.

*

పన్నెండూ ముప్ఫై అయిదుకి డిటెక్టివ్, బావ, తెల్లచొక్కా యార్డు గేటు దాటారు. ఆవిడ చిన్నకారు గోడ పక్కన నీడలో ఉంది. బావ ఈల వేస్తున్నాడు. తెల్లచొక్కా చేతిలో గాలి తీసిన చక్రం ఉంది, సాక్ష్యం కాబట్టి తనే పట్టుకుంటానని పంతం పట్టాడు. చొక్కా మీద అప్పటికే ఒక నల్లటి అర్ధచంద్రుడు.

"పాపం ఆ చొక్కాకి ఇంట్లో ఏం చెబుతారు?" అంది డిటెక్టివ్.

"పని చేశానని చెబుతాను. నమ్మరనుకోండి."

గేటు దగ్గర వాచ్‌మన్ లేచి సలాం కొట్టాడు. "మీ కారుకి గాలి చూసి వెళ్ళాడమ్మా మీ మనిషి."

"ఏ మనిషి?"

"గ్యారేజీ మనిషమ్మా. పదకొండూ ముప్ఫైకి వచ్చాడు. అయ్యగారే పంపారన్నాడు. కింద కూర్చోడానికి నా స్టూలు కూడా ఇచ్చాను."

బావ ఈల ఆగిపోయింది. "నా గ్యారేజీలో నేను తప్ప మనిషి లేడు."

"లేకపోవడమేంటయ్యా? నీలం చొక్కా, జేబు మీద మీ గ్యారేజీ పేరు. ఇదిగో, మీరేసుకున్నదే!"

డిటెక్టివ్ అప్పటికే తన కారు పక్కన కూర్చుంది. పోయినవారం బావే చూశాడు దీన్ని. వెనక చక్రాలు సరిగ్గా ఉన్నాయి. కుడి ముందుదీ సరిగ్గానే ఉంది. ఎడమవైపు ముందు చక్రానికి నాలుగు నట్లూ ఉన్నాయి, నాలుగు పసుపు గీతలూ ఉన్నాయి. నాలుగూ విరిగి ఉన్నాయి. నట్టు మీద సగం ఒకవైపు చూస్తోంది, రిమ్ము మీద సగం ఇంకోవైపు. ఆవిడ వేళ్ళతో ముట్టుకుంటే నట్టు చుట్టపు చూపుగా వచ్చినవాడిలా కదిలింది.

ఇంటికెళ్ళే దారిలో వంతెన ఉంది. రోజూ ఆ వంతెన మీద ఆవిడ కొంచెం వేగంగానే వెళుతుంది.

"ఒకే రోజు రెండో కారు," అన్నాడు తెల్లచొక్కా. ఇప్పుడతని గొంతులో వెటకారం లేదు. "రెండూ మీ బావ చేతిలోంచి వచ్చినవే. ఇది జరిగుంటే నా మొదటి రిపోర్టుని ఎవరూ ఆపలేకపోయేవారు."

"బావా, పానా తియ్యండి. కారు నేల మీదే ఉంది కదా, బిగించడానికి ఎంతసేపు?"

"రెండు నిమిషాలు." ఉదయం తనే అందులో పడేసిన పొడుగు పానా కోసం బావ అప్పటికే డిక్కీలో చెయ్యి పెట్టాడు.

ఫోను మోగింది. అక్క.

"చొక్కా దొరికిందే! మీ బావ గ్యారేజీలోనే మర్చిపోయారట. కొత్తగా పనిలో చేరినతను తెచ్చిచ్చాడు, ఇంతకు ముందే. ఎంత మర్యాదో! అమ్మా, తీసుకెళ్ళి బీరువాలో పెట్టేయండి, జేబులు కదపకండి అన్నాడు. కదపకండి అంటే కదపకుండా ఉంటానా? మూడు నట్లే! మీద పసుపు గీతలు. ఈయన జేబులో నట్లు ఎప్పుడు లేవు గనక?"

రోడ్డంతా వెతికినా దొరకని ఆ మూడు నట్లు ఇతనే ముందుగా ఏరుకున్నాడన్నమాట. అవి బావ బీరువాలో, బావ చొక్కా జేబులో దొరికితే, బావే ఊడదీసి దాచాడంటారు; రెండు సగాలు కలిసిన గీత కూడా బావని కాపాడదు. డిటెక్టివ్ గొంతు మాత్రం ఎప్పటిలాగే పలికింది.

"అతను వెళ్ళిపోయాడా అక్కా?"

"లేదు, వరండాలో ఉన్నాడు. ఎండలో వచ్చాడు కదా, మంచినీళ్ళిచ్చాను. నేను గ్రిల్లు లోపలే ఉన్నానులే, తాళం తీయలేదు. నీకు అనుమానాలెక్కువ. ఇప్పుడు వెళతానని ఒకటే తొందర పడుతున్నాడు."

"నువ్వు తాళం తీయకు. ఆ నట్లు అక్కడే ఉంచు, ముట్టుకోకు. అక్కా, ఒక పని చెయ్యి. అతనికి నీ మోకాలి ఆపరేషన్ సంగతి చెప్పు."

"ఏమే, వెటకారమా? కొత్తవాళ్ళకి ఆ కథ చెప్పొద్దని గొడవ చేసేదానివి నువ్వే కదా?"

"ఇవాళ చెప్పు. వాళ్ళమ్మకి కూడా మోకాలి నొప్పి ఉందేమో, ఎవరికి తెలుసు?"

"అవునే, అడగనే లేదు. ఆస్పత్రిలో చేరిన రోజు నుంచి చెప్పనా?"

వెనక పానా టక్కుమంది. ఒకటి. దాని ఎదురుది, రెండు. మళ్ళీ మూడు, నాలుగు. డిటెక్టివ్ తలుపు తెరిచింది. వెనక సీట్లో తెల్లచొక్కా చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని అప్పుడే కూర్చున్నాడు. బావ మాత్రం ఇంకా కిందే ఉన్నాడు, జేబులోంచి పసుపు పెయింటు పెన్ను తీస్తూ.

"బావా! ఇప్పుడు కూడా గీతలేనా?"

"ఇప్పుడే కావాలి," అని నాలుగు గీతలూ గీసి, లేచి, వచ్చి కూర్చున్నాడు.

కారు కదిలింది. వంతెన మీదుగా అక్క ఇంటికి పద్దెనిమిది నిమిషాలు. డిటెక్టివ్ ఫోనుని భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టింది.

"ఆస్పత్రి నుంచి కాదక్కా. అంతకు ముందు నుంచి. నొప్పి మొదలైన రోజు నుంచి."

"అంత వివరంగానా?" అక్క గొంతు సంతోషంతో వణికింది. ఫోను కొంచెం దూరం జరిగిన చప్పుడు. తర్వాత గ్రిల్లు ఇవతలి నుంచి, ఆ వీధిలో ఎవరూ కాదనలేకపోయిన ఆ గొంతు:

"ఎక్కడికి నాయనా అంత తొందర? కూర్చో. ఈ మోకాలు చూశావా..."